తొమ్మిది గళ్ల టైమ్ మెషిన్

2025 సంక్రాంతి వెళ్లాక, నాగాయలంక దగ్గరున్న మా అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేశారు. అటక మీది సామాను దించుతూ పెద్దమావయ్య ఫోన్ చేశాడు. "రేకు పెట్టెలో ఏదో బొమ్మల పుస్తకం ఉందిరా. అట్ట మీద నీ పేరూ, మీ అక్క పేరూ ఉన్నాయి. పాత పేపర్లతో పాటు తూకానికి వేసెయ్యనా?" అన్నాడు. "వెయ్యకు మావయ్యా, నేనే వస్తున్నా" అన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ముప్ఫై మూడేళ్ల తర్వాత ఆ పుస్తకం నా చేతికొచ్చింది. నోటుబుక్కుల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు చింపి, ఒకదాని మీద ఒకటి పేర్చి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొసతో కుట్టిన పుస్తకం అది. క్యాలెండరు కాగితాన్ని తిరగేసి, తెల్లటి వైపు పైకి వచ్చేట్టు అట్ట వేశాం. దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో 'ఆదిత్య 370' అని పెద్దక్షరాలు. కింద 'మాటలు' అని అక్క పేరు (మా పెద్దమ్మ కూతురు), 'బొమ్మలు' అని నా పేరు. వెల ఇరవై అయిదు పైసలు. మొత్తం నలభై నాలుగు పేజీలు. అంచులు పురుగు కొట్టేసింది గానీ బొమ్మలకు పెద్దగా దెబ్బ తగల్లేదు.

ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' 1991 జులై 18న విడుదలైంది. అది అవనిగడ్డ దాకా వచ్చేసరికి మాకు దసరా సెలవులు ఇచ్చేశారు. నాకు పదేళ్లు, అక్కకు పన్నెండు. చిన్నమావయ్య సైకిలు కడ్డీ మీద నన్ను, వెనక క్యారేజీ మీద అక్కను కూర్చోబెట్టుకుని మ్యాట్నీకి తీసుకెళ్లాడు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో వజ్రం దొంగతనం, ప్రొఫెసర్ రామదాసు చేసిన టైమ్ మెషిన్, అందులో 1526కు ప్రయాణం, శ్రీకృష్ణదేవరాయల కొలువు, తెనాలి రామకృష్ణుడు, అక్కణ్ణుంచి దారి తప్పి 2504లో దిగడం. పదేళ్లవాడి బుర్ర తట్టుకునే సరుకేనా అది! హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషిన్' నవల ఈ కథకు బీజం. వెల్స్ కథలో యాత్రికుడు ముందుకు దూసుకెళ్లి 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు. సింగీతం ఆ యంత్రాన్ని ముందు వెనక్కి నడిపించారు. తెలుగువాడి చేతికి టైమ్ మెషిన్ దొరికితే మొదట ఎక్కడికి పోతాడు? రాయలవారి కొలువుకే కదా. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఆలోచన ఇదే. ఇలాంటి యంత్రాన్ని పరాయిది అనిపించకుండా మన ఇంటి వాకిట్లో దింపడం మాటలు కాదు. పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ అని ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంకా మనదాకా రాని రోజుల్లో సెట్లతో, దీపాలతో, కెమెరా పనితనంతో మూడు కాలాలు చూపించారు.

ఇప్పటి పిల్లలకు అర్థం కావడం కష్టమేమో గానీ, మాకు ఆ సినిమా ఒక్కసారే. ఊళ్లో ఎవరింట్లోనూ వీసీఆర్ లేదు. దూరదర్శన్ వాళ్లు ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో ఎవరికీ తెలియదు. హాలు బయటికి వచ్చిన క్షణం నుంచి సినిమా కరిగిపోవడం మొదలవుతుంది. ఆ సాయంత్రం సైకిలు మీద ఇంటికొస్తుంటే, వెనకనుంచి అక్క అంది: "ఒరేయ్, మర్చిపోకముందే వేసెయ్యాలిరా. నువ్వు బొమ్మలెయ్యి, నేను మాటలు రాస్తా." ఆ రాత్రి లాంతరు ముందు మొదటి పేజీ వేశాం.

నటరాజ్ పెన్సిలు, సగం అరిగిన రబ్బరు, పన్నెండు రంగుల స్కెచ్‌పెన్నుల్లో ఎండిపోనివి ఏడు. ఎండిపోయిన వాటి వెనక బిరడా తీసి రెండు చుక్కలు నీళ్లు పోస్తే ఇంకో రెండు పేజీలు వచ్చేవి. ఆకాశం రంగు చాలా పేజీల్లో వెలిసినట్టు ఉండటానికి కారణం అదే. నీలం పెన్నులో నీళ్లు ఎక్కువయ్యాయి. వీధిలో పిల్లల దగ్గర ఇరవై అయిదు పైసలు ఎక్కడివి? జామకాయ ఇస్తే ఒక పూట చదవనిచ్చేవాళ్లం.

మొదటి ఏడు పేజీలు చందమామ పద్ధతిలో ఉన్నాయి. పైన బొమ్మ, కింద కథ. స్తంభాలు, తెరలు, సింహాసనం అన్నీ శంకర్ గారు 'బేతాళ కథల'కు వేసిన బొమ్మల్లోంచి దిగినవే. మా ఇళ్లలో రాజు అంటే ఎలా ఉంటాడో నేర్పింది ఆ పత్రికే. ఎనిమిదో పేజీ దగ్గర మార్పు కనిపిస్తుంది. అక్కణ్ణుంచి పేజీని గళ్లుగా కొట్టి, పాత్రల నోటి దగ్గర బుడగలు గీసి, అందులో మాటలు రాశాం. మధ్యలో అమరచిత్రకథ ఏదో చేతికొచ్చి ఉంటుంది. అక్క అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. బుడగ చిన్నదైతే అక్షరం చిన్నది చేసుకుంది తప్ప ఎక్కడా మాట తగ్గించుకోలేదు.

నేను వేసిన రాయలవారు ఆరడుగుల పైమాటే. మెలితిరిగిన మీసం, కొండలాంటి ఛాతీ. 1520 ప్రాంతంలో ఆయన్ను కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మాత్రం మధ్యస్థమైన ఎత్తు, కాస్త ఒళ్లున్న మనిషి, ముఖాన స్ఫోటకం మచ్చలు అని రాశాడు. పెద్దయ్యాక అది చదివినప్పుడు రాయలవారు నాకు మరింత దగ్గరయ్యారు. మశూచి తగిలి బతికి బయటపడిన మనిషి, 1509లో పట్టానికొచ్చి, 'ఆముక్తమాల్యద' రాసి, యుద్ధాలు గెలిచి, 1529లో వెళ్లిపోయాడు. సినిమాలో 1526 అంటే ఆయన చివరి రోజులు. మా పుస్తకంలో ఆ సంగతి లేదు. మా రాయలవారికి చావు లేదు.

టైమ్ మెషిన్ దగ్గర చాలాసేపు ఆగాను. నేను వేసింది సినిమాలో యంత్రంలా లేదు, వడ్ల పురిలా ఉంది. గడ్డితాడు చుట్టలు చుట్టలుగా పేర్చి కట్టే ధాన్యం పురి మా అమ్మమ్మ వాకిట్లో ఉండేది. నాకు తెలిసిన గుండ్రటి పెద్ద వస్తువు అదొక్కటే. సంవత్సరాలు తిప్పే చక్రం మాత్రం తాతయ్య రేడియో నుంచి వచ్చింది. అంకెలు, వాటి మీద కదిలే ఎర్రటి ముల్లు, పక్కన గుండ్రటి మర. విజయవాడ స్టేషను ఉండాల్సిన చోట 1526, రేడియో సిలోన్ చోట 2504.

ఆ యంత్రం గోడలోంచి లోపలున్న మనుషులు కనిపిస్తుంటారు. తలుపు మూసే ఉంది, కిటికీ లేదు, అయినా సినిమాలోంచి తెచ్చుకున్న కానిస్టేబులు భయపడి స్తంభం పట్టుకోవడం మనకు కనిపిస్తుంది. పిల్లల బొమ్మల మీద 1927లో ఒక పుస్తకం రాసిన ఫ్రెంచి పండితుడు జార్జ్ ఆన్రీ లుకే ఈ విషయాన్నే ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. పిల్లలు కంటికి కనిపించేది వెయ్యరు, తమకు తెలిసింది వేస్తారు అంటాడాయన. లోపల మనుషులున్నారని తెలుసు కాబట్టి గోడ అడ్డు కాదు. పదేళ్ల వయసుకు చాలామంది ఆ చూపు పోగొట్టుకుంటారు. ఆ ఏడాది నాలో అది ఇంకా మిగిలి ఉందని ఈ పేజీ చూశాకే తెలిసింది.

ఇంకో మూడేళ్లకు బడి నుంచి హైదరాబాదు ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లారు. సాలార్‌జంగ్‌లో అందరూ మేలిముసుగు రెబెకా విగ్రహం దగ్గర గుమిగూడితే, నేను అక్కడి ఉద్యోగిని "కృష్ణదేవరాయల వజ్రం ఏ గదిలో ఉందండీ?" అని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యివేసి, "అది సినిమాలోది బాబూ. గంట కొట్టే వేళయింది, గడియారం చూద్దువుగాని రా" అని తీసుకెళ్లాడు. తలుపు తీసుకుని బుల్లి మనిషి బయటికొచ్చి, గంట కొట్టి లోపలికి వెళ్లిపోయాడు. అదీ టైమ్ మెషినే అనిపించింది. సినిమా వచ్చిన పదేళ్లకు, 2001లో, నిజాం నగలు 184.75 క్యారట్ల జాకబ్ వజ్రంతో సహా అదే మ్యూజియానికి ప్రదర్శనకు వచ్చాయి. వార్త చదివి మొదట ఫోన్ చేసింది అక్కకే.

తెర మీద ఒకటి, పుస్తకంలో ఒకటి

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' 4కె హంగులతో మళ్లీ హాళ్లకు వచ్చింది. అక్క బెజవాడలో ఉంటుంది. ఇద్దరం కలిసి వెళ్లాం. పుస్తకం గుడ్డసంచిలో పెట్టుకుని ఒళ్లో ఉంచుకున్నాను. చుట్టూ హీరో బాలకృష్ణ అభిమానుల కేకలు, ఈలలు, కాగితం ముక్కలు. ఈ సినిమాకు రెండో భాగం తీయాలని సింగీతం, బాలకృష్ణ ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చారు. 'ఆదిత్య 999' అన్న పేరు కూడా వినిపించింది. మేం 370 దగ్గరే మొదలుపెట్టాం.

తెర మీద ఉన్నదానికీ మా పుస్తకానికీ చాలా తేడాలు తేలాయి. సినిమాలో సుత్తివేలు వేసిన కానిస్టేబులు హీరో హీరోయిన్ల వెంట అనుకోకుండా వెళ్లిన పాత్ర. మా పుస్తకంలో పన్నెండు పేజీలకు అతనే నాయకుడు. అతని దగ్గర ఈల ఉంది, మాకు అది చాలు. మా పుస్తకంలో 2504 నాటి మనుషులకు నోళ్లు లేవు. వాళ్లు మనసుతోనే మాట్లాడుకుంటారని అక్క తేల్చింది. నోరు లేని మనిషికి బుడగ ఎక్కడ గియ్యాలని నేను అడిగితే "గుండె దగ్గర" అంది. ఆ రెండు పేజీల్లో బుడగలన్నీ గుండెల్లోంచి లేస్తాయి.

అన్నిటికన్నా పెద్ద తేడా ఒకటుంది. సినిమాలో భవిష్యత్తును పాడుచేసింది యుద్ధం, రేడియేషన్. నేను వేసిన 2504లో నేలంతా నీళ్లు. తాటిచెట్ల మొవ్వులు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. నీటి మీద అక్క చేతిరాతతో 'ఉప్పునీరు' అని ఉంది. రేడియేషన్ అంటే ఏమిటో మాకు తెలియదు. లోకం మునిగిపోవడం అంటే ఏమిటో తెలుసు. మా ఇంట్లో రోజూ దాని మాటే.

1977 నవంబరు 19, శనివారం. మా దివిసీమ ఉప్పెన. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలకు వేల మంది పోయారు. మేమిద్దరం ఆ తర్వాత పుట్టినవాళ్లమే అయినా ఆ నీటిలోనే పెరిగాం. అమ్మమ్మ ఏ కథ మొదలుపెట్టినా 'ఉప్పెనకు ముందు' అనో, 'ఉప్పెన తర్వాత' అనో చెప్పేది. గోడ మీద చినతాతయ్య ఫోటో, దానికి దండ. చినతాతయ్య అంటే తాతయ్య తమ్ముడు, అమ్మమ్మకు మరిది. ఆ పొద్దున పొలం వెళ్లాడు, తిరిగి రాలేదు.

ఇరవై తొమ్మిదో పేజీలో మా టైమ్ మెషిన్ రేడియో ముల్లు 1977 మీద ఆగుతుంది. ఆ ముక్క ఏ సినిమాలోనూ లేదు. యంత్రం నవంబరు 18న అమ్మమ్మ వాకిట్లో, పురి పక్కన దిగుతుంది. రెండు పురులు పక్కపక్కనే ఉన్నట్టు ఉంటుంది బొమ్మ. కానిస్టేబులు ఊరంతా తిరిగి ఈల ఊదుతాడు. ముసలివాళ్లను మోసుకుంటూ, గొడ్లు తోలుకుంటూ అందరూ గుడి మేడ ఎక్కుతారు. ముప్ఫై మూడో పేజీలో చినతాతయ్య కూడా ఎక్కాడు. ఫోటోలో ఉన్న చొక్కాయే వేశాను. అల వచ్చి వెళ్లిపోతుంది. అందరూ బతుకుతారు.

అప్పుడు అక్క ఒక ప్రశ్న అడిగింది. అది నాకు బాగా గుర్తు. "చినతాతయ్య బతికితే గోడ మీద ఈ ఫోటో ఎలా ఉంటుందిరా? ఫోటో లేకపోతే మనకు ఈ సంగతే తెలియదు. తెలియకపోతే మనం మెషిన్ ఎందుకు పంపిస్తాం?" కాలప్రయాణం కథల మీద తత్వవేత్తలూ, భౌతికశాస్త్రవేత్తలూ ఎన్నో ఏళ్లుగా తర్కించుకుంటున్న చిక్కుముడి ఇదేనని చాలా కాలానికి తెలుసుకున్నాను. పన్నెండేళ్ల పిల్ల గోడ మీది దండ చూసి అక్కడికి చేరింది. ముప్ఫై అయిదో పేజీలో రెండే గళ్లు. ఒక గడిలో దండ వేసిన ఫోటో. పక్క గడిలో ఉత్త మేకు.

ఆ తర్వాతి పేజీలో స్కేలుతో తీరుగా కొట్టిన తొమ్మిది గళ్లు. అడ్డం మూడు, నిలువు మూడు. ఎనిమిదింటిలో ఏమీ లేదు. చిట్టచివరి గడిలో మాత్రం ఒక మనిషి పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు అరిటాకు, అందులో అన్నం కుప్ప. మెతుకులు కనిపించాలని చుక్కలు చుక్కలుగా పెన్సిలుతో పొడిచారు. గడి అంచులోంచి గాజుల చెయ్యి ఒకటి గరిటె పట్టుకుని లోపలికి వచ్చింది. చెయ్యి ఎవరిదో తెలియదు, ముఖం లేదు. మెషిన్ లేదు, అల లేదు, బుడగ లేదు. దాని తర్వాత పుస్తకం చివరిదాకా తెల్లకాగితాలే.

అమెరికా కామిక్స్ కళాకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వచ్చిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో గడికీ గడికీ మధ్య ఉండే ఖాళీ గురించి చాలా రాశాడు. కథ నడిచేది ఆ ఖాళీలోనేనని, దాన్ని పూరించేది చదివేవాడి మనసని ఆయన వాదన. చేతికి వచ్చిన దగ్గర్నుంచి నేను ఆ ఎనిమిది ఖాళీ గళ్లను పూరించాలనే చూశాను. ఏదీ కుదరలేదు. ఆ తొమ్మిదో బొమ్మ గీత నాది కాదని కూడా అనుమానం వచ్చింది. నేను మనిషి కాళ్లు అలా మడవను.

సినిమా వదిలాక అక్క ఇంటికి వెళ్లి, టీ తాగుతూ పుస్తకం తీశాం. ఒక్కొక్క పేజీకీ నవ్వుతూ వచ్చిన అక్క, ఆ పేజీ దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇది నువ్వు వెయ్యలేదురా. నేను వేశా."

"నువ్వెప్పుడు వేశావక్కా?"

"నువ్వు పడుకున్నావు. అమ్మమ్మ వచ్చి పుస్తకం మొదట్నుంచీ చదివి వినిపించమంది. తనకి చదువు రాదుగా. మెషిన్ సంగతి చెబితే, 'మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె లాంటిదన్నమాట' అంది. ఎవరికి ఏది ఇష్టమో అది కనిపించే పెట్టె ఉంటుంది చూడు, అది. చదువుతూ చదువుతూ ఈ గళ్ల దగ్గరికి వచ్చాం. ఇక్కడేం వేస్తారే అని అడిగింది. తెలియట్లేదు అమ్మమ్మా, కథ చిక్కు పడిపోయింది అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు."

"తర్వాత?"

"'మీరెళ్లి ఆపినా వాడు ఆగడే. గొడ్లు విప్పాలని పరిగెడతాడు. ఆ పొద్దున నామీద అలిగి అన్నం తినకుండా పోయాడు. మీ మిషను అందాకా పోయేదైతే, వాడికి అన్నం పెట్టినట్టు వెయ్యండే' అంది. నిన్ను లేపబోతే వద్దంది. అందుకని నాకొచ్చినట్టు నేనే వేశా. ఆ చెయ్యి అమ్మమ్మది."

ఆ బొమ్మను దగ్గరికి తీసుకుని చూశాను. గాజులు లెక్కపెట్టాను. అయిదు.

సింగీతం శ్రీనివాసరావు 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేశారు. 1957లో ప్రియదర్శిని పెట్టె చూపించిన సినిమాలో ఉన్న మనిషే 1991లో మాకు టైమ్ మెషిన్ చూపించారు. అమ్మమ్మకు ఈ సంగతి తెలిసే దారి లేదు. రెండూ ఒకటేనని మాత్రం ఆమెకు తెలిసిపోయింది. 1999లో అమ్మమ్మ వెళ్లిపోయింది. మరిది అలిగి వెళ్లిన సంగతి ఇంట్లో ఇంకెవరికీ ఎప్పుడూ చెప్పినట్టు లేదు. పెద్దమావయ్యను అడిగితే ఆయనకూ తెలియదన్నాడు.

ఖాళీ గళ్లు నేనూ అక్కా పూరించలేదు. ఇప్పుడు పూరించం కూడా. ఆ కాగితం వెనక పెన్సిలుతో ఇలా రాశాను: 'బొమ్మ అక్క వేసింది. చెప్పింది అమ్మమ్మ. 1991 దసరా సెలవులు.'

మీ ఇళ్లలోనూ అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున ఇలాంటి కాగితాలు ఉంటాయి. మీరు వేసినవి, మీ పిల్లలు వేసినవి. తుప్పుపట్టిన పిన్నులు ఉంటే మెల్లగా తీసెయ్యండి. ఫోన్‌తో ఒక్కో పేజీ ఫోటో తీసుకోండి. లామినేషన్ మాత్రం చేయించకండి, దాని వేడికీ జిగురుకీ పాతకాగితం పాడైపోతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి తేమ తగలని చోట పెట్టండి. ప్రతి బొమ్మ వెనకా ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో మెత్తటి పెన్సిలుతో రాయండి. ఎందుకు వేశారో తెలిసిన మనిషి ఇంట్లో ఇంకా ఉంటే, ఈ పేపరు మడిచి పక్కన పెట్టి ఇవాళే వెళ్లి అడగండి.